హెడర్ ఉన్నా కంపైలర్ లేదంటోందా? ఇలా వెతకండి

బెంగళూరు మారతహళ్లిలో మేముండే గదికి ఒక రాత్రి మా బాబాయి కొడుకు ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. "అన్నయ్యా, కొత్త జెడ్‌లిబ్ ఇన్‌స్టాల్ చేశాను. ఫంక్షన్ హెడర్‌లో కళ్లెదుటే ఉంది. కంపైలర్ మాత్రం అలాంటిది లేదంటోంది" అన్నాడు. జెడ్‌లిబ్ అంటే డేటాను కుదించే సీ లైబ్రరీ. హెడర్ అంటే లైబ్రరీలోని ఫంక్షన్లను కంపైలర్‌కు పరిచయం చేసే ఫైలు. రెండు గంటలుగా హెడర్లను ఫోల్డరు తర్వాత ఫోల్డరులోకి కాపీ చేస్తూ కూర్చున్నాడట. దయచేసి ఆ పని చేయకండి. ఎక్కడెక్కడ వెతుకుతోందో కంపైలర్‌నే అడగండి.

ఎర్రర్లు ఎన్ని వచ్చినా మొదటిదే చదవండి. హెడర్ ఫైలే లేదని ఉంటే, ఉబుంటులో హెడర్లు ఉండే, పేరు చివర 'డెవ్' ఉన్న ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేశారో లేదో చూడండి. ఫెడోరాలో అది 'డెవెల్'. చాలామంది సమస్య ఇక్కడే తీరిపోతుంది.

తీరకపోతే టెర్మినల్‌లో 'జీసీసీ -ఈ -వీ -ఎక్స్ సీ /డెవ్/నల్' అని ఇవ్వండి. జీసీసీ అనేది కంపైలర్ పేరు. ఇందులో 'ఈ' మాత్రమే పెద్ద అక్షరం. హెడర్ల ఫోల్డరు చెప్పడానికి మీ బిల్డ్ వాడే మైనస్ ఐ (ఇదీ పెద్ద అక్షరమే) ఆప్షన్లనూ ఇందులోనే చేర్చండి. కంపైలర్ వెతికే ఫోల్డర్లు వరుసగా కనిపిస్తాయి. ముందు ఎక్కడ దొరికితే ఆ హెడరే తీసుకుంటుంది. మైనస్ ఐతో ఇచ్చిన ఫోల్డరు పేరులో అక్షరం తప్పినా ఎర్రర్ రాదు. ఆ ఫోల్డరు లేదు కనుక వదిలేస్తున్నానని ఈ అవుట్‌పుట్‌లో మాత్రం చెబుతుంది. నేను ముందుగా వెతికేది ఆ మాట ఉన్న లైను కోసమే.

ఇక అసలు చిక్కు, హెడర్ దొరికినా అది వేరే వెర్షన్‌ది కావడం. కంపైల్ కమాండ్‌కు 'మైనస్ హెచ్' చేర్చండి, పెద్ద అక్షరం. ఏ హెడర్ ఏ చోటు నుంచి వచ్చిందో పూర్తి దారితో సహా చూపిస్తుంది. లైను ముందున్న చుక్కలు లోతును, అంటే హెడర్ నేరుగా వచ్చిందో మరో హెడర్ ద్వారా వచ్చిందో చెబుతాయి. మావాడి తెరమీద ఒక్క చుక్క పక్కన '/యూఎస్ఆర్/లోకల్/ఇన్‌క్లూడ్' అని వచ్చింది. ఎప్పుడో సోర్సు నుంచి కట్టుకున్న పాత జెడ్‌లిబ్ అది. ఉబుంటులో '/యూఎస్ఆర్/ఇన్‌క్లూడ్' కంటే ముందు కంపైలర్ అక్కడే వెతుకుతుంది.

పాత సోర్సు ఫోల్డరు ఇంకా ఉండటంతో అందులోంచే 'మేక్ అన్‌ఇన్‌స్టాల్' చేయించాను. పాత హెడర్‌ను మాత్రమే తీసేస్తే చాలదు. కంపైలైన ముక్కలను లైబ్రరీతో కలిపే లింకర్ వెతికే దారులు వేరు, అక్కడ పాత లైబ్రరీ మిగిలిపోతే ప్రోగ్రాం నడిచేటప్పుడు తేడా చేస్తుంది.

ఇంకా తేలకపోతే కంపైలర్ వెతికే ఫోల్డర్లను చేర్చే 'సీపాత్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పాత ఫోల్డరు ఏదైనా ఉందేమో చూడండి. బిల్డ్‌ను సిద్ధం చేసే సీమేక్ వాడేవారు బిల్డ్ ఫోల్డరును పూర్తిగా తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. పాత దారులను అది క్యాష్ ఫైలులో దాచుకుంటుంది.