పాత పందెపు యాట్‌కు ప్రతిరూపం నిర్మించడం: గీతలు, బరువులు, సీసం

1937లో అమెరికాస్ కప్ అనే యాట్ పందెపు ట్రోఫీని అమెరికాకే నిలబెట్టిన 'రేంజర్' అనే జె తరగతి (1930లలోని భారీ పందెపు యాట్ల తరగతి) యాట్‌ను 1941లో తుక్కు కింద విడగొట్టేశారు. ఈ రోజు అదే పేరుతో సముద్రంలో తిరుగుతున్నది 2003లో నీటికి దింపిన ప్రతిరూపం. ఆ తరగతికే చెందిన 'ఎండెవర్ 2' ఆకృతిని తీసుకుని 2009లో నెదర్లాండ్స్‌లో అల్యూమినియంతో కట్టిన పడవకు 'హనుమాన్' అని పేరు పెట్టారు. ఇలాంటి పడవను కట్టదలచినవారు లోహాన్నో కలపనో ఎంచుకోవడానికి ముందే, ఏది మారవచ్చు, ఏది మారకూడదు అన్నది కాగితం మీద రాసుకోవాలి. నా దృష్టిలో మారకూడనివి రెండు: నీటి కిందనున్న ఆకృతి ఒకటి, మొత్తం బరువూ ఆ బరువు కేంద్రీకృతమయ్యే చోటూ కలిసి రెండవది. మిగిలిన వాటిలో దేనిని మార్చినా ఈ రెండింటినీ చెదరనివ్వకూడదు.

మొదటి పని అసలు గీతలను, అంటే పడవ ఆకృతిని చూపే రూపకర్త చిత్రాలనూ కొలతలనూ, సంపాదించడం. అమెరికాకు చెందిన నథానియెల్ హెరెషాఫ్ వంటి యాట్ రూపకర్తలు ముందుగా పడవలో సగభాగానికి కొయ్య నమూనా చెక్కి, దాని మీద కొలతలు తీసి, అడుగులు, అంగుళాలు, అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన పట్టికగా రాసేవారు. అటువంటి పట్టిక దొరికితే చిత్రపటం కన్నా దానినే నమ్మాలి, ఎందుకంటే పాత కాగితం తేమకు సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పైగా ఇరవై నాలుగో వంతు పరిమాణంలో గీసిన పటంలో అర మిల్లీమీటరు పెన్సిల్ గీత అసలు పడవ మీద పన్నెండు మిల్లీమీటర్ల సందేహమై కూర్చుంటుంది. ఛాయాచిత్రాలు పై భాగపు వివరాలకు పనికివస్తాయే తప్ప కొలతలకు ఆధారం కావు.

కొలతలను కంప్యూటర్‌లోకి ఎక్కించిన తరువాత పక్క నుంచి, పై నుంచి, అడ్డుకోతగా చూసే మూడు చిత్రాలలోనూ ప్రతి బిందువు ఒకే చోట పడుతున్నదో లేదో సరిచూడాలి. ఇక్కడ తొందరపడితే పెద్ద నష్టం జరుగుతుంది. యంత్రం వంపులను అతి తేలికగా నునుపు చేసేస్తుంది గనుక, రూపకర్త కావాలనే ఉంచిన ముందుభాగపు సన్నని లోతు కూడా తప్పుగా భావింపబడి మాయమైపోవచ్చు. అందువల్ల సందేహం కలిగిన చోట ఆ భాగాన్ని పూర్తి పరిమాణంలో నేల మీద గీసి, పొడవాటి కొయ్య బద్దను మేకుల మధ్య వంచి చూడాలి. అది తప్పుగా రాసిన కొలతా, రూపకర్త ఉద్దేశమా అన్నది తెర మీద కన్నా బద్ద వంపు మీద స్పష్టంగా తెలుస్తుంది.

తరువాత బరువుల పుస్తకం తెరవాలి. దీనికి ఎంత సమయం పట్టినా అది వృథా కాదు. పలకలు, ఫ్రేములు, మాస్టు, ఇంజను, తాళ్లు, రంగు వరకు ప్రతి వస్తువుకూ బరువు, కీల్ (పడవ అడుగున ఉండే బరువైన వెన్ను) నుంచి ఎత్తు, ముందు కొన నుంచి దూరం రాసి, వారానికొకసారి మొత్తం కూడాలి. జె తరగతికి ఆధారమైన యూనివర్సల్ నియమంలో (పందెపు యాట్లను కొలిచి తరగతులుగా విభజించే సూత్రం) నీటిగీత పొడవు, తెరచాపల విస్తీర్ణం, బరువు ఒకే సూత్రంలో ముడిపడి ఉంటాయి గనుక, అప్పటి రూపకర్త ఒక్క టన్నును కూడా అనాలోచితంగా వాడలేదు. ఉక్కు సాంద్రతలో అల్యూమినియం సాంద్రత దాదాపు మూడో వంతే అయినా, వంగకుండా నిలిచే దాని బిగువు కూడా అంతే తక్కువ కాబట్టి రేకును మందంగా వాడవలసి వస్తుంది. అందుకే ఆదా మూడింట రెండు వంతులు ఉంటుందనుకోవడం పొరపాటు. ఉక్కు మీద మిగిలిన బరువునంతా సీసంగా మార్చి కీల్‌లో పోయాలన్న ఆశ సహజమే. కానీ అలా చేస్తే పడవ గాలికి మునుపటి కన్నా నిటారుగా నిలబడి, ఆ పట్టు మొత్తం మాస్టు మీదా దానిని లాగి పట్టే తీగల మీదా భారమై పడుతుంది.

తెరచాపల విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. నూలు తెరచాప బలమైన గాలికి సాగి కొంత ఒత్తిడిని తానే భరించేది, నేటి కార్బన్ పోగుల తెరచాప సాగదు. అసలు 'రేంజర్' సైతం 1937లో అమెరికాలోని బాత్ నుంచి న్యూపోర్ట్‌కు లాక్కుపోతున్నప్పుడే, ఇంకా ఒక్క పందెమైనా ఆడకముందే, మాస్టును పోగొట్టుకుంది. కాబట్టి తీగలు పడవ దేహానికి బిగిసే చోట్లను, మాస్టు అడుగు ఆనే చోటును పాత పటం ప్రకారం కాక ఇప్పటి భారాల లెక్క ప్రకారం బలపరచాలి. కార్బన్ మాస్టు అల్యూమినియానికి నేరుగా తగిలితే ఉప్పునీటిలో అల్యూమినియం తినివేయబడుతుంది. మధ్యలో గాజుపోగుల పొర తప్పనిసరి.

చిన్న యాట్‌కు కొయ్య బద్దలను ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతికించి, దాని మీద పలుచని పొరలను ఏటవాలుగా అంటించే పద్ధతి మేలైనది. తేమ పన్నెండు శాతం మించిన కలపను మాత్రం అంటించవద్దు. లోహపు పడవలో రెండు పక్కలా మార్చి మార్చి, కొద్ది కొద్దిగా వెల్డింగ్ చేయకపోతే పలకలు వంకర పోయి, తీర్చిదిద్దిన గీత పుట్టీ కింద కప్పిపెట్టవలసి వస్తుంది.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. అచ్చులో చెమ్మ ఏ మాత్రం మిగిలినా అది ఆవిరై కరిగిన సీసాన్ని పైకి చిమ్ముతుంది గనుక అచ్చును పూర్తిగా ఎండబెట్టి, గాలి ధారాళంగా వచ్చే చోట, ముఖానికి తగిన తొడుగులతో, ఆగకుండా ఒకే విడతలో పోయాలి. అనుకున్న సీసంలో కొంత భాగాన్ని కీల్‌లో పోయకుండా చిన్న దిమ్మెలుగా విడిగా ఉంచుకోవాలి.

నీటికి దింపాక ముందు, వెనుక కొనల ఎత్తును నిశ్చలమైన నీటిలో కొలవాలి. ఆ తరువాత తెలిసిన బరువును డెక్కు మీద అడ్డంగా జరిపి, వేలాడదీసిన పొడవాటి గుండు దారం ఎంత కదిలిందో చూస్తే పడవ ఎంత వంగిందో, దాన్నిబట్టి గురుత్వ కేంద్రం ఎంత ఎత్తున ఉన్నదో లెక్క తేలుతుంది. ఆ లెక్కను బరువుల పుస్తకంతో పోల్చిన తరువాతే, విడిగా ఉంచుకున్న దిమ్మెలను ఎక్కడ బిగించాలో నిర్ణయించాలి.