ఫేస్‌బుక్ ఖాతా సస్పెండ్ అయిందా? ముందు నోటీసులో ఎవరి పేరుందో చూడండి

సాయం కోసం నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది అప్పటికే అప్పీలు నొక్కేసి వస్తారు. నోటీసులో ఏముందని అడిగితే సరిగ్గా చదవలేదంటారు. దయచేసి ముందు చదవండి, స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఏ బటన్ అయినా ఆ తర్వాతే.

లాగిన్ అవుతోంది, పోస్టు మాత్రం వెళ్లడం లేదు

ఇది సస్పెన్షన్ కాదు. ఒకే పోస్టును వరసగా గ్రూపులన్నింటిలో పెడితే స్పామ్‌గా లెక్కగట్టి కొంతకాలం ఆపుతారు. గడువు తీరేదాకా ఆగండి, మధ్యలో పదేపదే ప్రయత్నించకండి. స్ట్రైకు (నిబంధన మీరారని ఖాతాపై వేసే గుర్తు) పడి ఉంటే 'ఖాతా స్థితి' పేజీలో కనిపిస్తుంది. అది పొరపాటున పడిందనుకుంటే అక్కడే సమీక్ష కోరవచ్చు. కోరకపోయినా ఏడాదికి ఆ స్ట్రైకు చెల్లిపోతుంది.

వీడియోలో శబ్దం పోయింది

వెనక సినిమా పాట ఉంది కాబట్టి. పాట తీసేసి మళ్లీ పెట్టండి.

ఏ తప్పూ చేయలేదు, అయినా ఖాతా మొత్తం పోయింది

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. నోటీసులో 'మీ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా నిబంధనలు పాటించలేదు' అని ఉండి, పక్కన మీరెన్నడూ వినని యూజర్ పేరు ఉందా? అయితే సమస్య మీ పోస్టుల్లో లేదు. ఎవరో మీ ఫేస్‌బుక్‌లోకి చొరబడి, తమ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను మీ అకౌంట్స్ సెంటర్‌లో (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలను ఒకచోట కలిపే సెట్టింగ్) కలిపారు. ఆ ఖాతాలో నిషిద్ధమైనదేదో పెట్టారు. రెండూ ఒకరివేనని నమ్మిన వ్యవస్థ రెండింటినీ మూసేసింది.

చీరలు అమ్ముకునే ఒకావిడ పేజీ ఇలాగే పోయినప్పుడు నేను ఆ పేరును పట్టించుకోలేదు. ఆవిడ పోస్టులన్నీ సక్రమమైనవేనని అప్పీలులో వాదించాను. అడిగింది ఒకటి, నేను చెప్పింది మరొకటి. అప్పీలు తిరస్కరించారు, రెండో అవకాశం దొరకలేదు. ఆవిడ ఏళ్లపాటు కూడగట్టుకున్న కొనుగోలుదారులు ఆ పేజీతోనే పోయారు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కాబట్టి ఈ వరసలో వెళ్లండి. ముందు మీ ఈమెయిల్‌లో వెతకండి. అకౌంట్స్ సెంటర్‌లో కొత్త ఖాతా చేరిందని ఫేస్‌బుక్‌మెయిల్ డాట్ కామ్ నుంచి మెయిల్ వచ్చి ఉండవచ్చు. చెత్తబుట్ట, స్పామ్ కూడా చూడండి. ఈమెయిల్ కూడా దొంగల చేతికి చిక్కి ఉంటే, ఆ మెయిళ్లు మీ కంట పడకుండా ఫిల్టర్ పెట్టి ఉంటారు. దాన్ని తీసేసి, మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. అప్పుడు ఫేస్‌బుక్ వారి 'హ్యాక్డ్' పేజీలో ఖాతా చొరబాటుకు గురైందని తెలియజేయండి. అప్పీలుకు సాధారణంగా 180 రోజుల గడువు ఉంటుంది, కంగారు పడకండి. అప్పీలులో వివరణ రాసే చోటు ఉంటే ఒక్క విషయమే రాయండి: ఫలానా పేరుగల ఖాతా నాది కాదు, ఫలానా తేదీన నాకు తెలియకుండా కలిపారు.

ఖాతా తిరిగొచ్చాక చాలామంది పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటారు. అది చాలదు. అకౌంట్స్ సెంటర్‌లో ఆ పరాయి ఖాతాను తొలగించండి, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయండి. ఉచితంగా దొరికిందని దించుకున్న సాఫ్ట్‌వేర్, ఊరూపేరూ లేని బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ మీ లాగిన్ సెషన్‌ను (మీరు లాగిన్ అయి ఉన్నారని బ్రౌజర్ దాచుకునే గుర్తును) దొంగిలించి ఉంటే రెండంచెల భద్రత కూడా అడ్డుపడదు. అవి కంప్యూటర్‌లో ఉన్నంతకాలం కథ మళ్లీ మొదటికొస్తుంది. ఖాతా ఇప్పుడు బాగానే ఉన్నవారు కూడా అకౌంట్స్ సెంటర్‌లోని ఖాతాల జాబితాను ఒకసారి తెరిచి చూడండి. నిమిషం పని.

మిగతావి

వయసు తప్పుగా నమోదవడం, పేరు గుర్తింపు కార్డుతో సరిపోకపోవడం అరుదు. కార్డు చూపిస్తే తేలిపోతాయి.

అన్నీ చేసినా ఫలితం లేకపోతే భారతదేశంలో ఉన్నవారు ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ఫిర్యాదుల అధికారికి రాయవచ్చు. ఆ జవాబు కూడా సరిగా లేకపోతే, 2023 జనవరిలో కేంద్రం ఏర్పాటు చేసిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లో వెళ్లవచ్చు. జవాబు అందిన 30 రోజుల్లోపే వెళ్లాలి, అందుకే ఆ మెయిల్ తేదీ రాసి పెట్టుకోండి.