జెన్ ఎడ్ (జనరల్ ఎడ్యుకేషన్) కోర్సులు: మొదటి సెమిస్టర్‌లోనే తెలిసుంటే బాగుండేది అనిపించినవి

ఆగస్టులో అమెరికాలో దిగిన వారానికే అడ్వైజర్ ముందు కూర్చోబెడతారు, ఈ సెమిస్టర్ ఏమేం తీసుకుంటావ్ అని అడుగుతారు. మనం ఇంటర్ ఎంపీసీ బాపతు, కాలేజీవాళ్ళు టైమ్‌టేబుల్ చేతిలో పెడితే పొద్దున ఆరింటి నుంచి రాత్రి పది దాకా చదివిన బ్యాచ్, మనల్ని అడిగిందెవరు గనక? మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్, ఇంకో మ్యాథ్స్ అని గడగడా చెప్పేశా. ఆవిడ నా లిస్టు చూసి, మరి నువ్వు ఎప్పుడూ చదవనిది ఏదీ లేదేంటి అన్నారు. నాకు అర్థం కాలేదు, చదవనిది ఎందుకు తీసుకుంటారండీ ఎవరైనా?

లిబరల్ ఆర్ట్స్ కాలేజీ, అంటే ఒక్క సబ్జెక్టే కాకుండా అన్నీ కొంచెం కొంచెం చదివించే డిగ్రీ కాలేజీ, దాని లెక్క వేరు. చాలాచోట్ల సెమిస్టర్‌కి నాలుగు కోర్సులు, నాలుగేళ్ళకి 32. అందులో మేజర్‌కి, అంటే మన మెయిన్ సబ్జెక్టుకి, పోయేది సుమారు మూడో వంతు, మిగతాదాంట్లో జెన్ ఎడ్ అంటే రైటింగ్, ల్యాబ్ సైన్స్, ఆర్ట్స్, సోషల్ సైన్స్, కొన్నిచోట్ల ఫారిన్ లాంగ్వేజ్, ఇలా తలా కొంచెం తీసుకోవాలి. ఇది కూడా కాలేజీకో రకం. విలియమ్స్ కాలేజీలో సబ్జెక్టుల్ని మూడు డివిజన్లు చేసి ఒక్కోదాంట్లో కనీసం మూడు తీసుకోమంటారు. ఆమ్‌హర్స్ట్‌లో మేజర్ కాకుండా అందరికీ కంపల్సరీ అంటే ఫస్ట్ ఇయర్ సెమినార్ ఒక్కటే, గ్రినెల్‌లో కూడా ఫస్ట్ ఇయర్ ట్యుటోరియల్ ఒక్కటే. కాబట్టి వేరే కాలేజీలో ఉన్న సీనియర్ అన్న చెప్పింది విని ప్లాన్ వేసుకోకండి, మీ కాలేజీ కేటలాగ్ తెరవండి, అది కూడా మీరు చేరిన సంవత్సరంది.

ఇంటి నుంచి వచ్చే ఫోన్ల గురించి చెప్పాలి. నేను జియాలజీ తీసుకున్నానంటే నాన్న అటు నుంచి, రాళ్ళ చదువుకా ఇన్ని లక్షలు పోసింది అన్నారు. థియేటర్ కోర్సు తీసుకుంటే ఓపీటీ, అంటే డిగ్రీ అయ్యాక ఇక్కడ పనిచేసుకునే పర్మిషన్, పోతుందేమో అని మా బాబాయి భయం. పోదు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) వాళ్ళకి ఓపీటీలో వచ్చే ఆ 24 నెలల ఎక్స్‌టెన్షన్ మీ మేజర్‌కున్న సిప్ కోడ్‌ని (ఒక్కో సబ్జెక్టుకి ప్రభుత్వం ఇచ్చిన నంబర్) బట్టి ఉంటుంది, జెన్ ఎడ్‌లో ఏం చదివారో ఎవరూ చూడరు. ఎకనామిక్స్ వాళ్ళు మాత్రం మీ డిపార్ట్‌మెంట్ కోడ్ ఏంటో ముందే కనుక్కోండి, 45.0603 అయితే స్టెమ్‌లోకి వస్తుంది, మామూలు ఎకనామిక్స్ కోడ్ అయితే రాదు.

ఆ రాళ్ళ క్లాసు సంగతి చెప్తా. మూడో వారం ల్యాబ్‌లో తలా ఒక చిన్న రాయి, ఒక భూతద్దం, డ్రాపర్‌లో పల్చటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఇచ్చారు. నల్లరాయి మీద చుక్క వేస్తే సర్రుమని నురగ వచ్చింది, సున్నపురాయి అన్నమాట. ఎక్కడో చూసినట్టుందే అని తిప్పితిప్పి చూస్తే అచ్చం మా వంటింటి గట్టు మీద కడప బండలా ఉంది, మా అమ్మ దాని మీద నిమ్మరసం పడిందంటే చాలు మరకలు పడతాయని అరిచేది, పద్దెనిమిదేళ్ళు ఎందుకో అడగలేదు. ఆ రాత్రి ఫోన్ చేసి చెప్తే నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మరి హాల్లో వేసింది ఏ రాయి అని అడిగారు.

సీనియర్లు ఈజీ కోర్సుల లిస్టు ఒకటి తిప్పుతుంటారు, నేను దాన్ని నమ్మి ఒకటి తీసుకుని సెమిస్టరంతా ఆవలించా. కోర్సు పేరు కంటే ప్రొఫెసర్ ఎవరో చూసుకోవడం మేలు. మొదటి రెండు వారాలు క్లాసులు మార్చుకోవచ్చు, ఐదారు క్లాసుల్లో కూర్చుని చూడండి, ఎవరూ ఏమనరు. కానీ ఆ గడువు దాటాక కోర్సు వదిలేయాలంటే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగే వదలండి, ఫుల్‌టైమ్ లోడ్ కంటే తగ్గితే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) స్టేటస్‌కే ఎసరు.

రైటింగ్ కోర్సు మొదటి సెమిస్టర్‌లోనే తీసుకోండి, మనకి వ్యాసమంటే గైడు చూసి రాసిందే కదా, మొదటి పేపర్ మీద ఎర్ర ఇంకు పడటం ఖాయం, అది తొందరగా పడిపోవడమే మంచిది. ఫారిన్ లాంగ్వేజ్ తప్పనిసరి అయిన చోట, తెలుగు చదువుకున్నామని చూపిస్తే కొన్ని కాలేజీలు మినహాయింపు ఇస్తాయి, టెన్త్ మెమో పట్టుకుని రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి అడగండి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. గ్రేడ్ లేకుండా పాస్-ఫెయిల్ కింద తీసుకున్నది జెన్ ఎడ్‌లో లెక్కకి వస్తుందా, ఒకే కోర్సు రెండు రిక్వైర్‌మెంట్లకి పనికొస్తుందా, ఇవి కూడా అక్కడే అడగండి.

ఇంకొకటి, కొన్ని కాలేజీల్లో ఈత పరీక్ష కూడా ఉంటుంది, జోక్ కాదు. నేను చివరి సెమిస్టర్ దాకా వాయిదా వేసి, ఏప్రిల్‌లో థీసిస్ రాస్తూ పొద్దున్నే ఏడింటికి బిగినర్స్ క్లాసులో పూల్ అంచు పట్టుకుని కాళ్ళు కొట్టుకున్నా. ఫస్ట్ ఇయర్‌లోనే కానిచ్చేయండి, స్విమ్ డ్రెస్ ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకోండి, నన్ను కాటన్ నిక్కరుతో దిగనివ్వలేదు.