ఫాలిక్యులర్ లింఫోమా బయాప్సీ రిపోర్టును చదవడం ఎలా?

ఫాలిక్యులర్ లింఫోమా అంటే బి కణాలనే తెల్ల రక్తకణాల్లో పుట్టే ఒక రకం క్యాన్సర్. రిపోర్టులో ముందుగా గ్రేడు చూడండి. మైక్రోస్కోపులో ఒక్కో హై పవర్ ఫీల్డులో (బాగా పెద్దది చేసి చూసినప్పుడు ఒకసారికి కనిపించే మేరలో) సెంట్రోబ్లాస్టులనే పెద్ద కణాలు సగటున 5 వరకు ఉంటే గ్రేడు 1, 6 నుంచి 15 వరకు ఉంటే గ్రేడు 2, 15 దాటితే గ్రేడు 3 అని రాస్తారు; అందులోనూ సెంట్రోసైట్లనే చిన్న కణాలు ఇంకా మిగిలి ఉంటే 3ఎ, అంతటా పెద్ద కణాలే పరుచుకుని ఉంటే 3బి. 2022 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఈ గ్రేడును తప్పనిసరి చేయలేదు కనుక, అది లేనంత మాత్రాన రిపోర్టు అసంపూర్ణమని అనుకోనక్కరలేదు.

ఆపైన ఫిష్ (FISH) పరీక్ష, అంటే క్రోమోజోముల్లో మార్పులను మెరిసే రంగులతో గుర్తించే పరీక్ష, ఫలితం వెతకండి. అక్కడ టి(14;18) అని ఉంటే, 18వ క్రోమోజోములోని బీసీఎల్2 జన్యువు 14వ క్రోమోజోము మీద యాంటీబాడీల జన్యువు పక్కకు చేరి, సహజంగా చనిపోవలసిన కణాన్ని చావనివ్వడం లేదని అర్థం. గ్రేడు 1, 2లలో సుమారు 85 శాతం మందిలో కనిపించే మార్పే ఇది; దాన్ని చూసి వ్యాధి ముదిరిపోయిందని దయచేసి బెంబేలెత్తకండి. 3బిలో ఇది తక్కువగానూ, బీసీఎల్6 జన్యువు స్థానభ్రంశం ఎక్కువగానూ కనిపిస్తాయి.

టీపీ53 లేదా ఎంవైసీ జన్యువులో మార్పు ఉందని రాసి ఉంటే మాత్రం, వ్యాధి ఉధృతమైన రూపంలోకి మారుతోందేమోనని హెమటాలజిస్టును (రక్తవ్యాధుల నిపుణుణ్ని) సూటిగా అడగండి. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు కాగితంతోపాటు పారఫిన్ బ్లాకునూ (బయాప్సీ ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మెనూ) ల్యాబు నుంచి అడిగి తీసుకువెళ్లండి.