మొదటి క్రూయిజ్: సింగపూర్ నుంచి నాలుగు రాత్రులు

క్రూయిజ్‌కి వెళ్దామనుకోగానే చాలామంది ఓడ ఫొటోలతో మొదలుపెడతారు. పైన స్విమ్మింగ్ పూల్ ఎంతుంది, పిల్లలకి స్లయిడ్లు ఎన్ని, థియేటర్ ఎలా ఉంది అని చూస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లు చూడాల్సిన వరస అది కాదు. ముందు సముద్రం, తర్వాత నెల, ఆ తర్వాత ఎన్ని రాత్రులు, ఆపైన గది. ఈ నాలుగూ తేలితే ఏ ఓడో దానంతటదే తేలిపోతుంది. సముద్రం కుదరకపోతే మాత్రం ఎంత గొప్ప ఓడెక్కినా మంచం దిగబుద్ధి కాదు.

సముద్రం, నెల

తెలుగు కుటుంబాలకి మొదటి క్రూయిజ్‌గా సింగపూర్‌లో ఎక్కి, మలక్కా జలసంధి మీదుగా మలేషియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూసి వచ్చేదే అన్నిటికన్నా మేలని మా అభిప్రాయం. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానంలో నాలుగు, నాలుగున్నర గంటల ప్రయాణం. అసలు కారణం మాత్రం ఆ నీళ్లే. ఒక పక్క సుమత్రా దీవి, ఇంకో పక్క మలేషియా గట్టుల్లా అడ్డం ఉండడంతో జలసంధిలో పెద్ద అలలు లేవవు. రాత్రి పడుకుంటే ఓడ నడుస్తోందో ఆగిందో చాలామందికి తెలియదు.

అదే సింగపూర్ నుంచి వియత్నాం వైపు వెళ్లే ఓడలు దక్షిణ చైనా సముద్రంలోకి వెళ్తాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాల గాలికి అక్కడ ఓడ బాగా ఊగుతుంది. ధర తక్కువగా ఉందని ఆ నెలల్లో అటు వెళ్లకండి.

ఫుకెట్ విషయంలో ఒక మెలిక ఉంది. అక్కడికి చేరేసరికి జలసంధి అయిపోయి అండమాన్ సముద్రం మొదలవుతుంది. పెద్ద ఓడలు పటాంగ్ బీచ్‌కి ఎదురుగా లంగరు వేసి, టెండర్ అనే చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకి చేరుస్తాయి. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలులకి అక్కడ అలలు లేస్తే టెండర్లు నడవవు. కెప్టెన్ ఆ రేవు రద్దు చేసి ఓడని సముద్రంలోనే తిప్పుతాడు. టికెట్ డబ్బు వెనక్కి రాదు, మామూలుగా ఆ రేవు పన్ను మాత్రమే తిరిగిస్తారు. కాబట్టి ఫుకెట్ చూడాలంటే నవంబరు నుంచి ఏప్రిల్ లోపు వెళ్లండి. జూన్‌లోనే కుదురుతుందంటే పెనాంగ్, కౌలాలంపూర్ దగ్గరి పోర్ట్ క్లాంగ్ ఉన్న రూటు తీసుకోండి. ఆ రెండు చోట్లా ఓడ నేరుగా రేవు గట్టుకే ఆగుతుంది.

ధరల విషయంలో మన సెలవులకి ఒక అనుకూలం ఉంది. సింగపూర్ బడులకి మే నెలాఖరు నుంచి జూన్ నెలాఖరు దాకా సెలవులు, అప్పుడు ఓడలు కిక్కిరిసి ఉంటాయి. మన పిల్లలకి ఏప్రిల్ నెలాఖరుకే సెలవులిచ్చేస్తారు. ఏప్రిల్ చివరి వారం నుంచి మే నడిమి దాకా, వారం మధ్యలో బయల్దేరే ఓడ చూసుకుంటే గదులూ దొరుకుతాయి, రేటూ తగ్గుతుంది. మేలో అయితే ఫుకెట్ లేని రూటే చూసుకోండి.

పాస్‌పోర్టు లేనివాళ్లకి దేశంలోనే దారి ఉంది. కార్డీలియా అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ ముంబై నుంచి గోవా, కొచ్చి, లక్షద్వీప్ వైపు తిరుగుతుంది. వానాకాలంలో అరేబియా సముద్రం పోటెత్తుతుంది కాబట్టి ఆ రోజుల్లో చెన్నైకి వస్తుంది. 2022 జూన్‌లో అలాగే విశాఖ కూడా వచ్చింది. దేశం దాటని రూటుకి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు. అది 1990లో కట్టిన ఓడ, సుమారు 1,800 మంది పడతారు. మూడు నాలుగు వేల మంది పట్టే సింగపూర్ ఓడల్లోని హంగులు అందులో ఉంటాయనుకుని ఎక్కకూడదు.

ఎన్ని రాత్రులు

రెండు రాత్రుల టికెట్ చవగ్గా కనిపిస్తుంది కానీ అందులో చేతికొచ్చేది ఒక్క రోజే. మొదటి రోజు మధ్యాహ్నం దాకా చెకిన్, సాయంత్రం ఓడ కదలడం. చివరి రోజు పొద్దున్నే దిగిపోవాలి. మూడు రాత్రులైతే సాధారణంగా ఒక రేవు చూస్తారు. నాలుగు రాత్రులైతే రెండు రేవులూ, ఒక రోజు పూర్తిగా సముద్రం మీదా గడుస్తాయి. మొదటిసారికి ఇదే సరైన కొలత. ఏడు రాత్రులు ఇప్పుడే వద్దు. ఇంట్లో ఎవరికి సముద్రం పడుతుందో, ఎవరికి పడదో తెలిశాక చూసుకోవచ్చు.

గది

గదులు నాలుగు రకాలు: కిటికీ లేని లోపలి గది, కిటికీ గది, బాల్కనీ గది, సూట్. లోపలి గది దాదాపు 160 చదరపు అడుగులు, అంటే మన ఇళ్లలో ఒక మామూలు పడగ్గది. బాత్‌రూమ్ కూడా అందులోనే. నాలుగు రాత్రులకి పెద్దవాళ్లిద్దరే అయితే లోపలి గది చాలు, మిగిలిన డబ్బు రేవుల్లో ఖర్చుపెట్టుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే మాత్రం బాల్కనీ తీసుకోండి. పైడెక్కు దాకా నడవకుండా గదిలోనే కూర్చుని సముద్రం చూస్తారు, ఆ డబ్బు వృథా కాదు.

రకం కన్నా ముఖ్యం గది ఎక్కడుందన్నది. తక్కెడ పట్టుకున్న చోటు కదలదు, పళ్లాలే పైకీ కిందకీ ఊగుతాయి. ఓడా అంతే. ముందు కొస, వెనక కొస, పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయి. నడిమి భాగంలో, కింది డెక్కుల్లో ఊపు తక్కువ. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ఆ నడిమి గదే అడగాలి. బుక్ చేసేముందు కంపెనీ వెబ్‌సైట్‌లో డెక్ ప్లాన్, అంటే ఏ అంతస్తులో ఏముందో చూపే పటం తెరిచి మీ గదికి పైనా కిందా ఏముందో చూడండి. పైనా కిందా గదులే ఉంటే మంచిది. పైన పూల్ డెక్కు ఉంటే తెల్లవారుజామున కుర్చీలు ఈడ్చే చప్పుడు, కింద థియేటర్ ఉంటే రాత్రి పదకొండు దాకా డ్రమ్ముల మోత. ‘గ్యారంటీ’ అని అమ్మే చవక గదుల్లో గది నంబరు కంపెనీయే వేస్తుంది, ఈ ఎంపిక మీ చేతిలో ఉండదు. కిటికీ గదికి ‘అబ్‌స్ట్రక్టెడ్’ అని రాసుంటే కిటికీకి ఎదురుగా లైఫ్‌బోట్ లాంటిదేదో అడ్డం ఉంటుందని అర్థం.

టికెట్ ధర, అసలు ఖర్చు

ప్రకటనలో కనిపించే రేటు మనిషికి, అదీ గదిలో ఇద్దరుంటారన్న లెక్కన. ఒక్కరే వెళ్తే చాలాసార్లు ఇద్దరి డబ్బూ కట్టాలి. ఆ రేటుకి రేవు పన్నులు కలుపుకోవాలి. టిప్పులు వేరు, వాటిని రోజుకింత అని మనిషికి వేస్తారు, చాలా ఓడల్లో పిల్లలకీ వేస్తారు. పెద్ద ఓడల్లో రోజుకి 18 డాలర్ల చొప్పున అనుకున్నా నలుగురికి నాలుగు రాత్రులకి 288 డాలర్లు. దిగేరోజు బిల్లు చూసి గొడవపడేది ఎక్కువగా దీని దగ్గరే. ముందే కట్టేస్తే మనసు నిమ్మళం.

భోజనం టికెట్లోనే ఉంటుంది, కానీ బఫే, ప్రధాన భోజనశాల వరకే. ప్రత్యేక రెస్టారెంట్లు, మద్యం, చాలా ఓడల్లో కూల్‌డ్రింకులు, వైఫై, స్పా, రేవుల్లో టూర్లు అన్నీ అదనం. చూసుకోకపోతే తడిసి మోపెడవుతుంది. విదేశీ ప్యాకేజీ మీద ఏజెంటు టీసీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తాడు. అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. రశీదు, పాన్ నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోండి.

ప్రయాణ బీమా తప్పనిసరిగా తీసుకోండి. ఓడలో డాక్టరు ఉంటాడు గానీ ఫీజు విదేశీ రేటులో ఉంటుంది. పాలసీలో క్రూయిజ్‌కి కవరేజీ ఉందో లేదో అడిగి రాయించుకోవాలి. గర్భిణులకి చాలా కంపెనీలు 24 వారాల హద్దు పెడతాయి, పసిపిల్లలకి కనీసం 6 నెలలు నిండాలి. ఇది టికెట్ కొన్నాక తెలిస్తే రేవులోనే ఆపేస్తారు.

కాగితాలు

పాస్‌పోర్టుకి ప్రయాణం నాటికి కనీసం 6 నెలల గడువుండాలి. సింగపూర్ వీసా మీద మల్టిపుల్ ఎంట్రీ అని ఉండాలి. ఓడెక్కితే దేశం వదిలినట్టే, తిరిగొచ్చి దిగితే రెండోసారి అడుగుపెట్టినట్టు. ఎస్‌జీ అరైవల్ కార్డు, అంటే సింగపూర్ వచ్చేవాళ్లు ఆన్‌లైన్‌లో నింపే పత్రం కూడా రెండుసార్లు నింపాలి, విమానం దిగేముందు ఒకటి, ఓడ దిగేముందు ఒకటి. వచ్చే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు నింపాలి. సింగపూర్ ప్రభుత్వ సైటులో అది ఉచితం. డబ్బు అడిగిందంటే మీరు తప్పుడు సైటులో ఉన్నారు. మలేషియా, థాయ్‌లాండ్ వీసా నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి బుక్ చేసేరోజు ఒకసారి, బయల్దేరే ముందు వారం ఒకసారి చూడండి.

సింగపూర్‌లో ఓడరేవులు రెండు, ఒకటి మెరీనా బే, రెండోది హార్బర్‌ఫ్రంట్. టికెట్ మీద ఏదుందో చూసి టాక్సీ ఎక్కండి. ఓడ బయల్దేరే రోజే విమానం దిగేలా పెట్టుకోకండి, ఒక రాత్రి ముందే చేరండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు.

సామాను

రేవులో పెద్ద సూట్‌కేసులు ట్యాగు కట్టి అప్పగిస్తే అవి గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. అందుకని చేతిసంచిలో పాస్‌పోర్టు, మందులు, ఫోన్ చార్జరు, ఒక జత బట్టలు, పిల్లల ఈత దుస్తులు ఉంచుకోండి. పూల్ ఖాళీగా ఉండేది ఆ మొదటి మధ్యాహ్నమే.

ఇస్త్రీపెట్టె, కెటిల్, ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ స్కానర్లో దొరికిపోతాయి, దిగేదాకా తిరిగివ్వరు. నిప్పుకి ఓడలో అంత భయం. ఇంట్లో వండిన పులిహోర, పచ్చళ్లు కూడా ఓడలోకి రానివ్వరు. పచ్చడి లేకుండా ముద్ద దిగనివాళ్లు సీలు తీయని కంపెనీ ప్యాకెట్టు పెట్టుకుని, ఆ ఓడ నియమం ముందే అడగాలి. మసాలా పొడిలో గసగసాలు ఉంటే అది ఇంట్లోనే ఉంచేయండి, సింగపూర్‌లో అవి నిషిద్ధం. వేప్‌లు (ఈ-సిగరెట్లు), చూయింగ్ గమ్ కూడా అంతే.

శాకాహారులు, జైన భోజనం కావాల్సినవాళ్లు బుక్ చేసేటప్పుడే రాయించాలి. మొదటి రాత్రి భోజనశాలలో హెడ్ వెయిటర్‌తో ఇంకోసారి చెబితే మర్నాటి నుంచి వేరుగా చేయించి పెడతాడు.

వాంతుల మాత్ర ఏది సరిపోతుందో ఇక్కడే డాక్టర్ని అడిగి తెచ్చుకోండి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు, ఓడ కదలడానికి గంట ముందే వేసుకోవాలి. తల తిరిగితే గదిలో పడుకోకుండా బయట డెక్కు మీదికెళ్లి, ఆకాశం నీళ్లని తాకే గీత మీద చూపు నిలపండి.

ఓడలో

ఎక్కిన రోజు భద్రతా డ్రిల్లు ఉంటుంది. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా ప్రమాదం తర్వాత, ఓడ కదిలేలోపే ఇది జరగాలని నియమాలు బిగించారు. ప్రమాదమొస్తే చేరాల్సిన చోటుని మస్టర్ స్టేషన్ అంటారు, మీది ఎక్కడో పిల్లలకి కూడా నడిపించి చూపించండి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అక్కడికే వెళ్లాలి.

ఓడ కదలగానే ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. నడిసముద్రంలో ఫోన్ పట్టేది ఓడ సొంత ఉపగ్రహ నెట్‌వర్క్, మీ మామూలు రోమింగ్ ప్యాక్ దానికి చాలాసార్లు వర్తించదు.

రేవులో దిగినప్పుడు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం గడియారం. మలేషియాలో సింగపూర్ టైమే. థాయ్‌లాండ్ ఒక గంట వెనక. ఫుకెట్‌లో ఒడ్డుకి చేరగానే ఫోన్ తనంతట తాను థాయ్ టైముకి మారిపోతుంది, ఓడ మాత్రం మామూలుగా సింగపూర్ టైములోనే నడుస్తుంది. చివరి టెండర్ 5 గంటలకి అంటే మీ ఫోన్‌లో అది 4. ఫోన్ 4:30 చూపిస్తోంది, ఇంకో అరగంట ఉందిలే అని కొబ్బరిబొండం తాగేవాళ్లకి పడవ వెళ్లిపోయి అప్పటికే అరగంట. చేతికి మామూలు వాచీ పెట్టుకుని దాన్ని ఓడ టైములో ఉంచండి. దిగేచోట రాసిపెట్టిన తిరిగి రావాల్సిన వేళని ఫొటో తీసుకోండి. ఓడ ఏర్పాటు చేసిన టూర్ ఆలస్యమైతే దానికోసం ఓడ ఆగుతుంది, సొంతంగా తిరిగేవాళ్ల కోసం ఆగదు. అందుకే పోర్ట్ క్లాంగ్ నుంచి గంటకి పైగా బస్సు ప్రయాణమున్న కౌలాలంపూర్, బటు కేవ్స్ గుహల గుడికి ఓడ వాళ్ల టూర్ తీసుకోండి. పెనాంగ్‌లో ఆ టూర్ డబ్బు దండగ. స్వెటెన్‌హామ్ పియర్‌లో దిగి కాసేపు నడిస్తే లిటిల్ ఇండియా, ఇడ్లీ దోసెలు అక్కడే.

చివరి రాత్రి సూట్‌కేసులు గది బయట పెట్టమంటారు, తెల్లారేసరికి తీసుకెళ్లిపోతారు. మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు, పాస్‌పోర్టు ముందే తీసి పక్కన పెట్టాకే తాళం వేయండి. సామాను తక్కువైతే బయట పెట్టకుండా మీరే మోసుకుని ముందు దిగిపోవచ్చు. ఎలా దిగినా ఆ రోజు తిరుగు విమానం మధ్యాహ్నం రెండు తర్వాతే ఉండాలి.