పాడిగేదె: ఈతకూ ఈతకూ మధ్య ఎడం తగ్గించుకోవడం ఎలా?

రెండు మూడు గేదెలు పెట్టుకుని పాలకేంద్రానికి పాలు పోసే రైతును లాభం ఎందుకు మిగలడం లేదని అడిగితే, పాల ధర చాలడం లేదనీ, దాణా ధర మండిపోతోందనీ అంటారు. రెండూ నిజమే కాని, రెండూ రైతు చేతిలో లేనివి. ఆయన చేతిలో ఉండి కూడా లెక్కకు ఎక్కనిది మరొకటుంది. అది గేదె ఒకసారి ఈనిన తరువాత మళ్ళీ ఈనడానికి పట్టే కాలం.

గేదె చూడికాలం, అంటే కడుపుతో ఉండే కాలం, సుమారు 310 రోజులు. ఈనిన మూడు నెలలకల్లా మళ్ళీ చూడి కడితే పదమూడు, పధ్నాలుగు నెలలకు ఒక ఈత దక్కుతుంది. మన ఊళ్ళలో చాలా పాకల్లో అది ఏడాదిన్నర వరకు సాగుతోంది. ఒక ఎద (గేదె చూడి కట్టడానికి సిద్ధమయ్యే సమయం) మన కన్ను తప్పిపోతే మరో 21 రోజులు ఆగాలి. మేపు, చాకిరీ కలిపి గేదె మీద రోజుకు 200 రూపాయలు ఖర్చవుతుందనుకుంటే, ఆ ఒక్క ఏమరుపాటు ఖరీదు 4,200 రూపాయలు. ఈతకు 1,800 లీటర్లు ఇచ్చే గేదె పాలకు లీటరుకు 2 రూపాయలు ధర పెంచినా మనకు అదనంగా వచ్చేది 3,600 రూపాయలే కదా.

కాబట్టి మొదట కావలసింది గోడకు ఒక క్యాలెండరు, దారంతో కట్టిన ఒక పెన్ను. ఈనిన తేదీ, ఎద కనిపించిన తేదీ, సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన తేదీ, వీర్యం ఏ నంబరు దున్నదో అందులోనే రాసుకోవాలి. సూది వేయించిన రోజునే ముందుకు లెక్కపెట్టి, తిరిగి ఎదకు వస్తుందేమో చూడవలసిన 21వ రోజునూ, చూడి పరీక్ష చేయించవలసిన 90వ రోజునూ, పాలు ఆపవలసిన 250వ రోజునూ, ఈనవలసిన 310వ రోజునూ గుండ్రంగా చుట్టి ఉంచితే, తరువాత ఎవరి జ్ఞాపకశక్తి మీదా ఆధారపడనక్కరలేదు.

అసలు కష్టం ఎదను పసిగట్టడంలో ఉంది. ఆవు ఎదకొస్తే పక్క పశువుల మీదికెక్కి ఊరంతటికీ చాటుతుంది. గేదెది చాలావరకు మూగ ఎద. అరవకపోవచ్చు, మేత మానకపోవచ్చు. మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, పాలు సరిగా చేపకపోవడం (పొదుగులోకి దించకపోవడం), మానం (యోని) కాస్త ఉబ్బి లోపలి పొర ఎర్రబారడం, కోడిగుడ్డు తెల్లసొన లాంటి తీగలు జారడం దాని గుర్తులు. ఇవి పట్టపగటి కంటే రాత్రి పొద్దుపోయాకా, తెల్లవారుజామునా ఎక్కువగా బయటపడతాయి. మా పాకలో ఒక గేదె ఈని నాలుగు నెలలైనా ఎదకు రాలేదని చాలాకాలం మందులు మింగించాము. తీరా చూస్తే, అది పడుకున్నప్పుడు నేలమీద జారిన తీగను మేము రోజూ చీకటితోనే పేడతో పాటు ఎత్తేసి, నీళ్ళు కొట్టి కడిగేస్తున్నాము. ఆనాటి నుంచి మా ఇంట్లో పేడ ఎత్తడానికి ముందే టార్చిలైటు పట్టుకుని ప్రతి గేదె వెనుక నేలనూ, తోక కుచ్చుకు అంటుకుని ఎండిన జిగురునూ చూడడం అలవాటైంది.

ఎద పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించాలి. కనిపించీ కనిపించగానే పరుగెత్తడం ఎంత తప్పో, ఒక రోజు గడిపి తీసుకెళ్ళడం అంతే తప్పు. తీగ అద్దంలా తేటగా ఉండాలి. అందులో తెల్లని మడ్డి గాని చీము గాని కనిపిస్తే గర్భసంచిలో జబ్బు ఉన్నట్టే గనుక, ఆ ఎదను వదిలి వైద్యం చేయించాలి. ఈనిన రెండు నెలల లోపు వచ్చే ఎదను రాసుకుని వదిలేసి, ఆ తరువాతి దానికి సూది వేయించడం మంచిది. ఆ రోజు గేదెను ఎండలో నడిపించకుండా, నీడన కట్టి ఒళ్ళు తడపాలి.

వేసవిలో మూగ ఎద మరీ ముదురుతుంది. సహజంగా మన గేదెలు వానాకాలం నడిమి నుంచి చలికాలం లోపల ఎక్కువగా ఈనుతాయి. అందుకే ఎండాకాలంలో పాలు తగ్గుతాయి, ధర కాస్త పలుకుతుంది. ఆ ధర అందుకోవాలంటే గేదె జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఈనాలి, అంటే అంతకు ముందటి మార్చి, ఏప్రిల్ నెలల్లో చూడి కట్టాలి. చెరువులో పొర్లే వీలు లేనిచోట పగలు మూడు నాలుగుసార్లు ఒళ్ళంతా నీళ్ళు పోసి, పచ్చిమేతను చల్లపొద్దుకూ రాత్రికీ మార్చి, ఎదను రాత్రిపూట వెతికేవారికే అది సాధ్యమవుతుంది.

బక్కచిక్కిన గేదె ఎదకు రాదు. ఒంటి పోషణకు రెండు కిలోల దాణా, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో ఇవ్వాలి. తవుడు, చెక్క ఎంత పెట్టినా రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం మానకూడదు. చూడి నిలవని గేదెలలో కొన్నింటికి ఇదొక్కటే లోటు. దాణా ఖర్చు తగ్గాలంటే పొలంలో కొంత భాగం నేపియర్ గడ్డికి వదలాలి. మొదటి కోత 70 రోజులకు, ఆపైన 45 రోజులకొకటి వస్తుంది. దానితో పాటు మూడు వంతుల గడ్డికి ఒక వంతు చొప్పున అలసంద గాని పిల్లిపెసర గాని కలిపి వేయాలి. లేత జొన్నను, ముఖ్యంగా బెట్టకు వాడిన జొన్నను, పశువు నోటికి అందనీయకూడదు. అందులోని విషానికి నిమిషాల్లో ప్రాణం పోయిన పశువులున్నాయి.

పచ్చిమేత లేని నెలల్లో వరిగడ్డిని మాగవేసుకోవచ్చు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లుతూ తొక్కి, గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి 21 రోజులు ఉంచాలి. తీసిన గడ్డిని ఘాటు పోయేదాకా ఆరబెట్టి మేపాలి. ఆరు నెలల లోపు దూడలకు ఇది పెట్టకూడదు. యూరియా నీళ్ళ బకెట్టును పశువులకు దూరంగా ఉంచాలి, అవి తాగితే బతకవు.

చూడి ఎనిమిది నెలలు దాటగానే, ఇంకా రెండు లీటర్లు వస్తున్నాయన్న ఆశకు పోకుండా పాలు ఆపేయాలి. ఆ రెండు నెలల విరామంలో అదనంగా కిలో, రెండు కిలోల దాణా తిన్న గేదె ఈనిన తరువాత త్వరగా ఎదకు వస్తుంది. ఈనగానే దూడకు గంట లోపు జున్నుపాలు తాగించాలి. మాయ పడాలని ఎదురుచూస్తూ దూడను ఆకలితో ఆపడం పాత అలవాటే గాని మంచిది కాదు. గేదె దూడలకు ఏలికపాములు తల్లిపాల ద్వారానే వస్తాయి కాబట్టి, పది రోజుల లోపు నట్టల మందు తాగించాలి. దూడ చస్తే చేపడానికి మొరాయించే గేదెలు చాలా ఉన్నాయి.

పాలు పితికేటప్పుడు చివరి ధారల దాకా పితకాలి. వెన్న ఎక్కువగా ఉండేది వాటిలోనే, పాలకేంద్రం డబ్బిచ్చేది వెన్న శాతాన్ని బట్టే. పితికిన వెంటనే చనుమొనల రంధ్రాలు మూసుకోవు గనుక, గాడిలో మేత వేసి అరగంట సేపు గేదె పడుకోకుండా చూస్తే పొదుగువాపు చాలావరకు దూరంగా ఉంటుంది.

మూడుసార్లు సూది వేయించినా చూడి నిలవని గేదెకు నాలుగోసారి వేయించడం కంటే పశువైద్యుడి చేత గర్భసంచి పరీక్ష చేయించడం చవక. ఊళ్ళో వైద్యుడు అందుబాటులో లేకపోతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఇక లాభం లేదని వైద్యుడు చెబితే, పాలిస్తున్నప్పుడే అమ్మకానికి పెట్టి, చూడి నిలవడం లేదన్న మాట కొనేవారికి దాచకుండా చెప్పి ధర మాట్లాడుకోవాలి. వట్టిపోయిన తరువాత అదే గేదెకు సగం ధర పలకడం కూడా కష్టం.