పాల పండ్ల పిప్పి: బిడ్డ నోటికంటే ముందు అమ్మ నోరు చూసుకోవాలి

బిడ్డ పై పెదవి ఎత్తి చూడండి. పై వరుసలో ముందు పండ్లు నాలుగింటి మీద, చిగురు అంచునే, సున్నంతో గీసినట్టు తెల్లటి గీత ఉంటే పిప్పి మొదలైందన్నమాట. అప్పటికి నొప్పి ఉండదు, గుంత ఉండదు, బిడ్డ ఏడవదు. అందుకే ఎవరి కంటా పడదు. ఈ దశలో పట్టుకుంటే గీత మళ్లీ గట్టిపడుతుంది, డాక్టరు మర పట్టాల్సిన పని రాదు. వదిలేస్తే గీత పసుపు, ఆపైన గోధుమ రంగుకు తిరిగి, పన్ను చిగురు దగ్గర పుచ్చి విరుగుతుంది. కింది ముందు పండ్లు మాత్రం బాగానే ఉంటాయి. నాలుక వాటిని కప్పి ఉంచుతుంది, ఉమ్మి కూడా అక్కడే ఎక్కువ ఊరుతుంది. పైవి పాడై కిందివి బాగున్నాయంటే చాలావరకు రాత్రి పాలసీసా వల్లే అనుకోవచ్చు.

నల్లగొండ, మునుగోడు, మర్రిగూడ వైపు పండ్ల మీద మచ్చ చూడగానే "ఫ్లోరైడ్ నీళ్లు, మన చేతిలో ఏముంది" అని ఊరుకుంటారు. ఫ్లోరైడ్ మచ్చా, పిప్పి మచ్చా ఒకటి కాదు. ఫ్లోరైడ్ మచ్చ ఎక్కువగా ఆరేళ్ల తర్వాత వచ్చే పండ్ల మీద కనబడుతుంది. ఎడమ పక్క ఎట్లుంటే కుడి పక్కా అట్లే, అడ్డం చారలుగా ఉంటుంది. పిప్పి గీత పాల పండ్ల మీద, చిగురును ఒరుసుకొని వస్తుంది. తేడా తెలుసుకుందామని పిన్నీసుతో గీకొద్దు. పైపొర విరిగితే లేని గుంత మీరే చేసినట్టవుతుంది.

అమ్మ నోరు

పుట్టినప్పుడు బిడ్డ నోట్లో పిప్పి తెచ్చే సూక్ష్మజీవులు ఉండవు. వాటిలో ముఖ్యమైనది స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్. ఇది ఎక్కువగా తల్లి ఉమ్మి నుంచే చేరుతుంది. అన్నం నమిలి పెట్టడం, చెంచా తన నోట్లో పెట్టి వేడి చూసి అదే బిడ్డకు పెట్టడం దానికి దారి. తల్లి పత్తి ఏరడానికి పోతే బిడ్డ నాయనమ్మ దగ్గరే ఉంటుంది కాబట్టి ఆమె నోరూ లెక్కలోకి వస్తుంది. ముద్దు పెట్టుకోవడం మానాల్సిన పని లేదు. పెద్దవాళ్ల నోట్లో పుచ్చు పండ్లు నింపించుకొని, గార తీయించుకుంటే అక్కడి సూక్ష్మజీవులు తగ్గుతాయి, బిడ్డకు చేరేవీ తగ్గుతాయి.

కడుపుతో ఉన్నప్పుడు పండ్ల వైద్యం చేయించుకోవద్దన్నది తప్పు మాట. నాలుగు నుంచి ఆరో నెల మధ్య కూర్చోవడానికీ పడుకోవడానికీ వీలుగా ఉంటుంది కాబట్టి ఆ సమయం మంచిది. నొప్పి, వాపు ఉంటే ఏ నెలైనా ఆగకూడదు. చిగురుకు ఇచ్చే మత్తు సూదితో భయం లేదు. అవసరమైతే సీసం కవచం కప్పి పంటి ఎక్స్‌రే కూడా తీస్తారు. కడుపుతో ఉన్నట్టు డాక్టరుకు ముందే చెప్పాలి. టెట్రాసైక్లిన్ మందులు పడకూడదు, అవి బిడ్డ పండ్లకు రంగు పట్టిస్తాయి. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. మందుల షాపులో ఏదో ఒక నొప్పిగోళీ అడిగి వేసుకోవద్దు.

చిగుళ్ల నుంచి రక్తం వస్తే తోమడం ఆపేస్తారు. అక్కడే వాపు పెరుగుతుంది. కాన్పుకు ముందు హార్మోన్ల వల్ల చిగుళ్లు ఉబ్బుతాయి, వాటి అంచున పాచి ఉంటే రక్తం కారుతుంది. మెత్తటి బ్రష్‌తో అదే అంచున రోజుకు రెండుసార్లు తోమితే తగ్గుముఖం పడుతుంది. వాంతి అయిన వెంటనే మాత్రం తోమొద్దు. కడుపులోని పులుసు (ఆమ్లం) పన్ను పైపొరను మెత్తబరిచి ఉంటుంది. గ్లాసు నీళ్లలో చెంచాడు తినే సోడా కలిపి పుక్కిలించి, అరగంట ఆగి తోమాలి. బొగ్గు, ఇటుక పొడి, బూడిద పన్నును అరగదీస్తాయి. యాపపుల్ల వాడేవాళ్లు కొసను బాగా నమిలి మెత్తగా చేసుకోవాలి, రాత్రి మాత్రం పేస్టుతోనే తోముకోవాలి.

బిడ్డకు తోమే తీరు

మొదటి పన్ను ఆరో నెల అటూ ఇటూ వస్తుంది. ఆ రోజు నుంచే తోమాలి. మంచం మీద కూర్చొని బిడ్డ తలను ఒడిలో, కాళ్లను అవతలికి పెట్టి వెల్లకిలా పడుకోబెట్టండి. ఎడమ చూపుడు వేలితో పై పెదవి ఎత్తండి. పెదవికీ చిగురుకూ మధ్య సన్నని పొర తాడులా ఉంటుంది, దాన్ని ఆ వేలితోనే కప్పండి. బ్రష్ ఆ పొరకు తగిలినప్పుడే బిడ్డ గింజుకుంటుంది. మొండితనం అనుకొని బలవంతం చేస్తే రేపటి నుంచి బ్రష్ చూస్తేనే ఏడుస్తుంది. పై నాలుగు పండ్లతో మొదలుపెట్టి, చిగురు అంచున చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు కదపండి. దవడ పండ్లు వచ్చాక వాటి పై గుంటలు కూడా. రాత్రి తోమినాక నీళ్లు తప్ప ఏమీ పెట్టొద్దు. ఏడెనిమిదేళ్ల దాకా పెద్దవాళ్లే తోమాలి.

పేస్టు మూడేళ్లలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. ప్రకటనల్లో బ్రష్ నిండా వేసేది చిన్నపిల్లలకు పనికిరాదు. తోమాక ఉమ్మించండి, ఎక్కువ నీళ్లతో పుక్కిలించనక్కర్లేదు.

ఫ్లోరైడ్ ఊళ్లలో పేస్టు అంటేనే భయం. లెక్క చూడండి. 1000 పీపీఎం (గ్రాముకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉండే) పేస్టు బియ్యపు గింజంత అంటే సుమారు 0.1 గ్రాము, అందులో ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము. రెండు పూటలా మొత్తం మింగినా 0.2. అదే లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు 200 మిల్లీలీటర్ల గ్లాసు తాగితే 0.6 లోపలికి పోతుంది. ముందు నీళ్లు మార్చాలి. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. బ్లీచింగ్‌తోనూ పోదు. మిషన్ భగీరథ నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లే బిడ్డకు తాగించండి. పాలపొడి కలపడానికీ, పప్పు, జావ ఉడకబెట్టడానికీ అవే వాడండి. తాగడానికి నల్లా, వంటకు బోరు అనే ఇళ్లలో ఫ్లోరైడ్ వంట దారిన చేరుతూనే ఉంటుంది. బోరే గతి అయితే నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా ల్యాబులో పరీక్ష చేయించి, ఆ అంకె పట్టుకొని పండ్ల డాక్టరుతో పేస్టు సంగతి తేల్చుకోండి. అప్పటిదాకా తోమడం మాత్రం ఆపొద్దు.

ఎంత తిన్నది కాదు, ఎన్నిసార్లు

తీపి నోట్లో పడ్డ ప్రతిసారీ అరగంట దాకా పన్ను మీద పులుసు తయారవుతుంది. లడ్డూ ఒక్కసారి తిని నీళ్లు తాగిన బిడ్డ కంటే, బిస్కెట్ పొద్దంతా చప్పరించే బిడ్డ పండ్లే ముందు పాడవుతాయి. ఛాయలో బిస్కెట్ ముంచి పెట్టడం, ఏడిస్తే ఐదు రూపాయల ప్యాకెట్ చేతికివ్వడం తగ్గించాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో చక్కెర ఉంటుంది. మంచి ఆహారమే, మానొద్దు. పూటకు ఒకసారి కూర్చోబెట్టి పెట్టి, పైన నీళ్లు తాగించండి. దగ్గు మందు, టానిక్ పోసినా అంతే.

నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గుతుంది, పన్ను మీది పాలను కడిగేది ఉండదు. చక్కెర పాల సీసా నోట్లో పెట్టి పడుకోబెట్టడమే అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఒక్కసారే మాన్పించలేకపోతే చక్కెర తగ్గిస్తూ, పాలలో నీళ్లు పెంచుతూ వారం పది రోజుల్లో ఉత్త నీళ్ల సీసాకు తేవాలి. అది పడుకునే ముందు సీసాకే. పగటి పాలు చిక్కగానే, గ్లాసుతో తాగించండి. తల్లిపాలు మాత్రం పండ్ల కోసం మాన్పించొద్దు. ఏడాది దాటాక రాత్రి ముందు పాలిచ్చి, ఆపైన తోమండి.

గుంత పడితే

"పాల పన్నే కదా, రాలిపోతుంది" అనొద్దు. పాల దవడ పండ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. వాటి వేరు కింద చీము పడితే లోపల తయారవుతున్న పన్ను దెబ్బతింటుంది. పంటిలో పురుగు ఉండదు, పసర్లూ పొగలూ పట్టించొద్దు. లవంగ నూనె, తంబాకు, నలిపిన గోళీ చిగురు మీద పెడితే పుండవుతుంది. నొప్పికి 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములుండే పారాసిటమాల్ సిరప్, 10 కిలోల బిడ్డకు 5 మిల్లీలీటర్లు, ఆరు గంటలకోసారి. 250 రకం ఇంట్లో ఉంటే రెండున్నర మిల్లీలీటర్లే, కాబట్టి సీసా మీద అంకె చదివి పోయండి.

గుంత చిన్నదైతే నింపుతారు. చిన్నపిల్ల కూర్చోలేకపోతే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు చుక్క పూసి పిప్పిని ఆపుతారు. పూసిన చోట నల్లబడుతుంది, అది ముందే తెలిసి ఒప్పుకోండి. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో దంత వైద్య కళాశాలలున్నాయి, అక్కడ పిల్లల పండ్ల విభాగం అని అడగండి. చెంప ఉబ్బి జ్వరం వచ్చినా, వాపు కంటి దాకా పాకినా, బిడ్డ మింగలేకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకుపోండి.